సరుకు దారి ఆనవాళ్ళు: ఒక అభిరుచి, ఒక బాధ్యత

(పాఠశాల ప్లాటినం ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై ఐదేళ్ళు నిండిన ఒక పాఠశాల వేడుకలో విద్యను గురించి, గురువుల త్యాగాన్ని గురించి, భావి పౌరుల కర్తవ్యాన్ని గురించి ప్రసంగాలు వినిపించడం ఆచారం. నేటి ప్రసంగ విషయం వాటికి కొంత దూరమైనదిగా కనిపించవచ్చు. ఎప్పుడో ఆగిపోయిన సరుకు రవాణా మార్గాలను వెదకి, వాటి ఛాయాచిత్రాలు తీసి, వివరాలు సేకరించి భద్రపరచే అభిరుచి ఒకటి లోకంలో ఉంది. కొందరు ఒకే ఒక మార్గం కోసం తమ జీవితకాలపు తీరికనంతా వెచ్చించారు. ఆ అభిరుచిని గురించి, దానికి సిరొంచతో గల సంబంధాన్ని గురించి చెప్పుకోవడమే ఈ ప్రసంగ ఉద్దేశం.

రైలు కూత వినపడని సిరొంచకూ సరుకు దారికీ సంబంధమేమిటని ఎవరికైనా సందేహం కలగడం సహజం. పట్టాలు లేని సరుకు దారి ఒకటి ఈ ఊరి ముంగిటనే రూపుదిద్దుకుంది. గోదావరి, ప్రాణహిత నదుల మీద పదేళ్ళపాటు దానికోసం పనులు సాగాయి. ఆ తరువాత అది ఆగిపోయింది. అయితే అది వదిలిన గురుతులు నదీగర్భంలోనే లేవు. దేశపటంలోనూ, ఈ ఊరివారు మాట్లాడే భాషలోనూ ఉన్నాయి. ఆ సంగతిని యథాక్రమంగా పరిశీలించడం మంచిది.

ప్రయాణికుల బండి ఆగిపోతే దానిని తలచుకొనేవారు ఎందరో ఉంటారు. కొత్త కోడలు దిగిన స్టేషను, ఉద్యోగానికి వెళ్ళే కొడుకును సాగనంపిన ప్లాట్‌ఫారం, తిరునాళ్ళకు కిక్కిరిసిన పెట్టెలు ఇంటింటి కథల్లో నిలిచిపోతాయి. సరుకు బండికి ఇటువంటి బంధువర్గం లేదు. బొగ్గు, దూది, టేకు దుంగలు, వెదురు కట్టలు తమ ప్రయాణాన్ని చెప్పుకోలేవు. ఎంత సరుకు ఎక్కడ ఎక్కింది, ఎక్కడ దిగింది అన్నది లెక్కల పుస్తకానికి తెలుసు. ఆ పుస్తకానికి చెదలు పట్టితే ఇక ఎవరికీ తెలియదు. దారి మూతపడిన తరువాత పట్టాలను ఇనుము కింద అమ్ముతారు. స్లీపర్లు పశువుల కొట్టానికి దూలాలవుతాయి. కట్ట నెమ్మదిగా పొలంలో కలిసిపోతుంది. ఒక తరం గడిచేసరికి ఆ చోట నిలబడినవాడికి అక్కడ ఒక దారి ఉండేదన్న ఊహ కూడా కలగదు. అందుకే సరుకు దారికి వారసుడెవరైనా ఉంటే, అతడు దానిని ప్రేమించి నమోదు చేసిన అభిరుచిపరుడే.

అటువంటివారిలో అమెరికాకు చెందిన ఓ. విన్‌స్టన్ లింక్ ప్రముఖుడు. ఆయన న్యూయార్కులో వ్యాపార సంస్థలకు చిత్రాలు తీసి జీవించే ఛాయాగ్రాహకుడు. నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ అనే రైల్వే ప్రధానంగా బొగ్గు రవాణాపై ఆధారపడి, ఆవిరి యంత్రాలను అమెరికాలో చిట్టచివరి వరకూ నడిపిన పెద్ద సంస్థలలో ఒకటి. ఆ యంత్రాలకు కాలం చెల్లనున్నదని గ్రహించి లింక్ 1955లో పని ప్రారంభించి 1960 వరకూ కొనసాగించాడు. ఖర్చు ఆయనదే, రైల్వే సంస్థ సహకారం మాత్రం ఇచ్చింది. రాత్రివేళ పదుల సంఖ్యలో ఫ్లాష్ బల్బులను ఒక్కసారిగా వెలిగించి, కదిలే బండిని చిత్రించేవాడు. సుమారు 2,400 నెగెటివులు తయారయ్యాయి. యంత్రాల శబ్దాలను కూడా రికార్డు చేశాడు. ఆ చిత్రాలలో బండితోపాటు దారి పక్కన బ్రతికిన మనుషులూ ఉంటారు: వరండాలో కూర్చున్నవారు, కొట్టు నడిపేవారు, వాగులో ఈదే పిల్లలు. అప్పట్లో వాటికి పెద్దగా ఆదరణ లభించలేదు. 2004లో రోనోక్ పట్టణంలో, అదే రైల్వేకు చెందిన పాత స్టేషనులో, ఆయన పేర ప్రదర్శనశాల వెలిసింది.

వేల్స్ దేశంలోని టాలిలిన్ రైల్వే కథ మరొక విధమైనది. పలకరాతి గనినుండి రాయిని మోసుకొని రావడానికి 1860ల నడుమ నిర్మించిన చిన్న దారి అది. 1946లో గని మూతపడింది. 1950లో యజమాని మరణించాడు. దారి కూడా మూతపడవలసినదే. ఎల్. టి. సి. రోల్ట్ అనే రచయిత, ఆయన మిత్రులు కలసి ఒక సంఘంగా ఏర్పడి 1951లో దానిని స్వచ్ఛందంగా నడపడం ప్రారంభించారు. సెలవు దినాలలో వచ్చి పట్టాలు బిగించినవారిలో గుమాస్తాలు, ఉపాధ్యాయులు కూడా ఉండేవారు. ఒక దారిని అభిమానులే కాపాడుకొన్న తొలి సందర్భంగా దానిని లోకం గుర్తిస్తున్నది.

భారతదేశంలో ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ పటియాలాది. అక్కడ 1907 నుండి 1927 వరకూ ఒంటి పట్టా రైలు నడిచింది. బండి బరువు ప్రధానంగా ఒకే పట్టా మీద ఉండేది. పక్కన ఒక పెద్ద చక్రం రోడ్డు మీద దొర్లుతూ బండి ఒరిగిపోకుండా నిలిపేది. మోటారు వాహనాలు పెరిగాక అది మూతపడింది, జనం మరచిపోయారు. 1962లో మైకేల్ సాటో అనే రైల్వే చరిత్రాభిమాని పటియాలాలో ప్రజా పనుల శాఖవారి పాత సామాను ఆవరణలో దాని యంత్రాన్ని గుర్తించాడు. దానిని మరమ్మతు చేయించగా నేడది ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలో నడిచే స్థితిలో ఉంది. 35 సంవత్సరాలు తుక్కు మధ్య పడి ఉన్న వస్తువును చూసి ఇది ఫలానాది అని చెప్పగలగడానికి, అంతకు ముందే ఆ విషయాన్ని చదివి, గురుతులు తెలిసి ఉన్న కన్ను కావాలి. అభిరుచి ఇచ్చే శిక్షణ అదే.

గోదావరి తీరంలోనే దిగువకు వెళ్ళినట్లయితే రాజమండ్రి వద్ద హేవ్‌లాక్ వంతెన కనిపిస్తుంది. 1900లో ప్రారంభమైన ఆ 56 స్పానుల వంతెన మీద 1997 వరకూ రైళ్ళు నడిచాయి. నేడు బండ్లు లేవు, స్తంభాలు నిలిచి ఉన్నాయి. ఉత్తరంగా వెళ్ళినట్లయితే నాగపూర్–నాగ్‌భీడ్ చిన్న పట్టాల దారి 2019లో, వెడల్పు చేయడం కోసం, మూతపడింది. ఆ కుటుంబానికి చెందిన చిన్న యంత్రాలను చూడాలంటే నాగపూరు మోతీబాగ్‌లో 2002లో ఏర్పడిన మ్యూజియానికి వెళ్ళాలి. గడ్చిరోలి జిల్లాలో ప్రయాణికులకు చిరపరిచితమైన వడ్సా స్టేషను ఉన్న గోందియా–చాందా ఫోర్టు దారి కూడా ఒకనాడు చిన్న పట్టాలదే. ఈ ప్రాంతంలో పుట్టిన పెద్దలు అనేకులు ఆ పెట్టెలలో ప్రయాణించినవారే. వారిలో ఎందరి ఇళ్ళలో దాని చిత్రం ఒక్కటైనా ఉన్నదో ఆలోచించవలసిన విషయం.

ఇక సిరొంచ ముంగిటి దారి సంగతి. ధవళేశ్వరం ఆనకట్టను 1847–1852 మధ్య నిర్మించిన ఆర్థర్ కాటన్‌కు రైళ్ళకన్నా నీటి దారుల మీద నమ్మకం హెచ్చు. తక్కువ ఖర్చుతో ఎక్కువ సరుకు మోయగలిగేది పడవే అన్నది ఆయన వాదం. సముద్ర తీరం నుండి గోదావరి, ప్రాణహిత, వార్ధా నదుల మీదుగా నాగపూరు, విదర్భ ప్రాంతాల దూది పొలాల దాకా పడవలు నడవగలిగితే, మధ్య భారతానికి తూర్పు సముద్రమే వాకిలి అవుతుందని ఆయన, ఆయన సహచరుడైన ఎఫ్. టి. హేగ్ అనే ఇంజనీరు భావించారు. నది స్వభావాన్ని పరిశీలించి హేగ్ 1856లో నివేదిక సమర్పించాడు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై ఇంగ్లండు మిల్లులకు అమెరికా దూది రావడం నిలిచిపోయేసరికి, విదర్భ దూదికి ఒక్కసారిగా విలువ పెరిగింది. మధ్య పరగణాల చీఫ్ కమిషనరు రిచర్డ్ టెంపుల్ కూడా ఈ నీటి దారిని గట్టిగా సమర్థించాడు.

ఆ దారికి అడ్డు మూడు చోట్ల ఉన్నది. నది అడుగున బండరాళ్ళు పరుచుకొని, వేసవిలో పైకి తేలి, వరదలో సుడులు రేపే చోట్లను ఆనాటి ఇంజనీర్లు అడ్డు గోడలుగా లెక్కించారు. మొదటిది భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం దగ్గర, రెండవది ఇంద్రావతి సంగమ ప్రాంతంలోని ఇచ్చంపల్లి దగ్గర, మూడవది సిరొంచకు ఎగువన ప్రాణహిత మీద దేవల్‌మరి దగ్గర. రెండవ మూడవ అడ్డుల నడుమ, కాళేశ్వరానికి ఎదురుగా, ప్రాణహిత గోదావరిలో కలిసే చోట సిరొంచ ఉన్నది. బండల పక్కగా కాలువ తవ్వి, లాకులు కట్టి, పడవలను ఒక మట్టం నుండి మరొక మట్టానికి దాటించాలన్నది పథకం. దుమ్ముగూడెం ఆనకట్ట ఆ కాలపు పనికి నేటికీ నిలిచి ఉన్న సాక్ష్యం.

ఈ పథకం వెనుక ఒక ఒడంబడిక ఉంది. 1860లో నిజాం ప్రభుత్వానికీ ఆంగ్లేయులకూ కుదిరిన సంధి ప్రకారం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలు, అంటే సిరొంచ, నూగూరు, ఆల్బాక, చర్ల, భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలు ఆంగ్లేయుల పాలనలోకి వచ్చాయి. నది మీద సాగే వర్తకానికి సుంకాలు ఉండకూడదన్న షరతు కూడా ఆ సంధిలోనే ఉన్నది. ఆ తాలూకాలన్నీ కలిపి ఎగువ గోదావరి జిల్లా అని పేరు పెట్టి, సిరొంచను ముఖ్యపట్టణం చేశారు. బస్తరు సంస్థానంపై 1862లో నివేదిక రాసిన గ్లాస్‌ఫర్డ్ ఆ జిల్లాకు డిప్యూటీ కమిషనరుగా పనిచేసినవాడే. ఒక నదీ మార్గం కోసం ఒక జిల్లా ఏర్పడి, ఆ జిల్లాకు ఈ ఊరు కేంద్రమైందన్న మాట.

పని సాగుతుండగానే కాలం ఎదురు తిరిగింది. 1865లో అమెరికా యుద్ధం ముగిసి దూది ధర పడిపోయింది. 1867లో బొంబాయి నుండి రైలు నాగపూరు చేరింది. రైలు ఏడాది పొడవునా నడుస్తుంది. నది వానాకాలంలోనూ, ఆ తరువాత కొన్ని నెలలూ మాత్రమే పడవను మోస్తుంది. దూది తూర్పుకు కాక పడమరకు ప్రయాణం కట్టింది. ఖర్చు అంచనాలను మించిపోతున్నదన్న విమర్శల నడుమ 1871లో ప్రభుత్వం పథకాన్ని విరమించుకొన్నది. మూడేళ్ళ తరువాత, 1874లో, ఎగువ గోదావరి జిల్లా కూడా రద్దయింది. భద్రాచలం, రేకపల్లి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరాయి. సిరొంచ చాందా జిల్లాలో తాలూకాగా మిగిలింది.

ఆ తరువాతి మార్పులు సభలోని పెద్దలకు తెలిసినవే. మధ్య పరగణాలు 1950లో మధ్యప్రదేశ్ అయింది. 1956లో ఈ ప్రాంతం బొంబాయి రాష్ట్రంలో, 1960లో మహారాష్ట్రలో చేరింది. 1982 ఆగస్టు 26న చంద్రపూర్ నుండి విడిపోయి గడ్చిరోలి జిల్లా ఏర్పడింది. ఎదుటి ఒడ్డు నిజాం రాజ్యం నుండి ఆంధ్రప్రదేశ్‌కు, 2014లో తెలంగాణకు మారింది. ఇన్ని మార్పులలోనూ ఈ ఒడ్డున ఇళ్ళలో తెలుగు నిలిచి ఉన్నది. మహారాష్ట్ర రాష్ట్రంలో తెలుగు మాధ్యమ పాఠశాల ఎందుకున్నదని దూర ప్రాంతాలవారు అడుగుతుంటారు. 1860లో నది పొడవునా గీసిన గీత, 1874లో ఆ నదికి అడ్డంగా గీసిన గీత, ఈ రెండింటి మధ్య దానికి సమాధానంలో పెద్ద భాగం దొరుకుతుంది. ఆగిపోయిన సరుకు దారి మిగిల్చిన ఆనవాళ్ళలో ఈ పాఠశాల ఒకటి అనడం అతిశయోక్తి కాదు.

పెద్ద పథకం ఆగినా నది మీద సరుకు పూర్తిగా ఆగలేదు. అహేరి, ఆలపల్లి అడవుల టేకు దుంగలు తెప్పలుగా ప్రాణహితలో దిగి, గోదావరిలో కలిసి, రాజమండ్రి కలప అడితీలకు చేరేవి. పచ్చి టేకు దుంగ నీటిలో సులువుగా తేలదు. దానిని ఎండనివ్వాలి, లేదా వెదురు కట్టలు జతచేయాలి. ఏ వరదకు తెప్పను వదలాలి, ఏ బండను ఎటువైపు నుండి తప్పించాలి, ఏ మడుగులో రాత్రి ఆపాలి అన్న జ్ఞానం పుస్తకాలలో ఉండేది కాదు. తెప్ప నడిపేవారి నోట ఉండేది. 1929 నాటికి బల్లార్షా–కాజీపేట రైలు మార్గం పూర్తయింది. అడవిలో రోడ్లు, లారీలు వచ్చాయి. తెప్పల దారి కూడా చరిత్రలో కలిసింది. ఇంజనీర్ల దారికి నివేదికలైనా ఉన్నాయి. తెప్పలవారి దారికి అవి కూడా తక్కువే.

ఇక్కడ అభిరుచిపరులకు ఎదురయ్యే ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది. పాలన చేతులు మారినప్పుడల్లా కాగితాలు కూడా చెల్లాచెదరయ్యాయి. ఒకే నదికి చెందిన పత్రాల కోసం మద్రాసు వైపు, నాగపూరు వైపు, హైదరాబాదు వైపు, ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం వైపు, లండన్‌లో ఇండియా ఆఫీసు పత్రాలను భద్రపరచిన బ్రిటిష్ లైబ్రరీ వైపు చూడవలసి వస్తుంది. ఏ రాష్ట్రానికీ ఈ దారి తన సొంత చరిత్రగా కనిపించదు. మహారాష్ట్ర చరిత్రకారుడికి ఇది దక్షిణపు అంచు. తెలుగు చరిత్రకారుడికి ఇది రాష్ట్రం దాటిన ఒడ్డు. మధ్యలో ఉన్నవారు మాత్రమే రెండు వైపులా చదవగలరు. ఇంట్లో తెలుగు, కచేరీలో మరాఠీ, అడవిలో గోండి, మాడియా మాటలు వినే సిరొంచ పిల్లలకు ఉన్న ఈ యోగ్యత పెద్ద విశ్వవిద్యాలయాల పరిశోధకులకు సైతం సులభంగా లభించేది కాదు.

అయితే పని ఎక్కడ మొదలుపెట్టాలి? ఆశ్చర్యంగా తోచినా, చాలా ఇళ్ళలో పని ఇదివరకే సగం జరిగి ఉన్నది. ప్రాణహిత పుష్కరాలు 1998లో, 2010లో, 2022లో వచ్చాయి. గోదావరి పుష్కరాలు 1991లో, 2003లో, 2015లో జరిగాయి. 2027లో మరల రానున్నాయి. ప్రతి పుష్కరానికీ కుటుంబాలు రేవులో నిలబడి ఫోటోలు తీయించుకున్నాయి. తీసినవారి దృష్టి అమ్మమ్మ మీద, పిల్లవాడి పుట్టు వెంట్రుకల మీద ఉండవచ్చు. కాని వారి వెనుక నది ఉన్నది. నీటి మట్టం, ఇసుక మేట, రేవు మెట్లు, కట్టివేసిన నావ, ఎదుటి ఒడ్డున అప్పటికి ఉన్న లేదా లేని వంతెన, అన్నీ ఆ చిత్రంలో పడ్డాయి. పన్నెండేళ్ళకొకసారి, దాదాపు ఒకే చోట, తేదీ మరచిపోయే అవకాశం లేని విధంగా తీసిన చిత్రాల వరుస మరే శాస్త్రజ్ఞుడూ ఏర్పరచలేడు. ఈ సభలోని పూర్వ విద్యార్థులు తమ ఇళ్ళ ఆల్బములలోని ఆ చిత్రాలకు నకలు తీయించి పాఠశాలకు ఇచ్చినట్లయితే, ఒక్క ఏడాదిలో గొప్ప సంగ్రహం తయారవుతుంది.

కొత్తగా చిత్రాలు తీసేవారు కొన్ని నియమాలు పాటించడం అవసరం. నేడు దాదాపు ప్రతి ఇంటిలోనూ సెల్‌ఫోను కెమెరా ఉంది కాబట్టి సాధనం కొరత లేదు, కొరత క్రమశిక్షణకే. చిత్రంతోపాటు తేదీ, ఊరు, ఏ దిక్కుకు ముఖం పెట్టి తీసినదీ, ఆనాటి నీటి స్థితి రాయాలి. రాతికట్టడాన్ని తీసేటప్పుడు పక్కన ఒక కొలబద్దనో చేతికర్రనో ఉంచితే పరిమాణం తెలుస్తుంది. దూరం నుండి ఒకటి, సమీపం నుండి ఒకటి తీయాలి. ఒకే చోటును వైశాఖంలో ఒకసారి, భాద్రపదంలో ఒకసారి, ఒకే స్థానంలో నిలబడి తీసినట్లయితే నది ఏ రాయిని దాచుతుందో, ఏ రాయిని చూపుతుందో స్పష్టమవుతుంది. ఆనాటి ఇంజనీర్లను ఓడించిన విషయం ఆ రెండు చిత్రాల మధ్య తేడాలోనే ఉన్నది.

నోటు పుస్తకంలో ప్రతి పేజీని మూడు గడులుగా విభజించడం మేలు: చూసినది, విన్నది, ఊహించినది. ఒక రాతిగోడను చూడటం మొదటి గడికి చెందుతుంది. అది ఫలానా దొర కట్టించాడని ఒక తాతగారు చెప్పడం రెండవ గడికి చెందుతుంది. బహుశా అది లాకు గోడ కావచ్చునని అనిపించడం మూడవ గడి. ఈ మూడింటినీ కలిపివేస్తే పదేళ్ళ తరువాత రాసినవాడికే ఏది నిజమో తెలియదు. అభిరుచిపరుడి రాతలను చరిత్రకారులు విశ్వసించేది ఈ విభజన ఉన్నప్పుడే.

మాటలను కూడా సేకరించాలి. రేవు, మడుగు, సుడి, లంక, మేట, తెప్ప, దోనె వంటి మాటలకు ఈ ఒడ్డున ఉన్న అర్థాలను, అదే చోటికి మరాఠీలోనూ గోండిలోనూ ఉన్న పేర్లను పక్కపక్కన రాయాలి. బండలకు, మడుగులకు పడవవారు పెట్టుకొన్న పేర్లు ఏ సర్కారు పటంలోనూ దొరకవు. చెప్పగలిగినవారి వయస్సు ఏటికేడు పెరుగుతున్నది. వారి అనుమతితో మాటను ఫోనులో రికార్డు చేసి, అదే రోజు కాగితం మీద కూడా రాసుకోవాలి. ఈ విషయంలో లింక్ చూపిన దారి అనుసరణీయం. యంత్రంతోపాటు దాని శబ్దాన్నీ, దాని పక్కన బ్రతికిన మనుషులనూ ఆయన విడువలేదు.

భద్రపరచడం తీయడంకన్నా కష్టమైన పని. ఈ ప్రాంతపు వానాకాలపు చెమ్మకు నెగెటివుల మీద బూజు పడుతుంది; వాటిని చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో రేకు పెట్టెలో ఉంచాలి. ఫోటోలను జిగురు పేజీల ఆల్బములలో అంటించరాదు. రంగు మారుతుంది, తీయబోతే చిరుగుతుంది. వెనుక బాల్‌పెన్నుతో కాక మెత్తని పెన్సిలుతో రాయాలి. ఫోనులోని చిత్రాలకు రెండు నకళ్ళు తీసి రెండు వేర్వేరు ఇళ్ళలో ఉంచాలి. ఫోను పోతే చిత్రం పోయినట్లు కాకూడదు. చివరిగా, జాగ్రత్తలు: శిథిలాల నుండి రాయి గాని, ఇనుప ముక్క గాని తీసుకొని రాకూడదు. అడవిలోకి, ఆనకట్టల వద్దకు, వంతెనల మీదికి అనుమతి లేకుండా వెళ్ళరాదు. నదిలోకి పిల్లలు పెద్దల తోడు లేకుండా దిగరాదు.

ఇదంతా గడిచిపోయిన కాలం మీద మమకారంతో చేసే పని మాత్రమేనా అన్న ప్రశ్న తల్లిదండ్రులు అడగవచ్చు. పరీక్షలలో మార్కులు రావు, ఉద్యోగం రాదు. ఈ ప్రశ్నకు నది వైపు నుండే సమాధానం వస్తున్నది. 2016లో పార్లమెంటు చేసిన జాతీయ జలమార్గాల చట్టం 111 జలమార్గాలను ప్రకటించింది. వాటిలో వైన్‌గంగ–ప్రాణహిత ఒకటి. 1871లో విడిచిపెట్టిన ఆలోచన 145 సంవత్సరాల తరువాత కాగితం మీద తిరిగి ప్రత్యక్షమైంది. ఇచ్చంపల్లి వద్ద నీటిని ఆపి కావేరి వైపు మళ్ళించే ప్రతిపాదనలు కూడా ఉన్నాయి. అవి ఆచరణలోకి వచ్చినట్లయితే రెండవ అడ్డు ప్రాంతపు రూపురేఖలే మారిపోతాయి. ఈ తాలూకాలోని పోచంపల్లికీ ఎదుటి ఒడ్డు మేడిగడ్డకూ మధ్య 2019లో ప్రారంభమైన బ్యారేజీతో ఈ ఊరి ముంగిట నీటి తీరు ఒకసారి మారింది. 2023 అక్టోబరులో దాని స్తంభాలు కొన్ని కుంగడంతో నీటిని వదిలివేయగా మరొకసారి మారింది. ఒడ్డున పొలాలు ఉన్న కుటుంబాలకు ఈ మార్పుల బరువు ఎవరూ చెప్పనవసరం లేదు.

ఇటువంటి సమయంలో, పూర్వం నీరు ఎంతవరకు వచ్చేది, ఏ రాయి ఏ నెలలో తేలేది, ఏ రేవు ఎప్పటివరకు వాడుకలో ఉండేది అన్న ప్రశ్నలు పుస్తక పాండిత్యానికి చెందినవి కావు. పొలానికి, ఇంటికి, నష్టపరిహారానికి చెందినవి. అప్పుడు తేదీ వేసి, దిక్కు రాసి, చూసినదాన్ని చూసినట్లు నమోదు చేసిన ఒక పాఠశాల సంగ్రహం ఊరికి అండగా నిలుస్తుంది. తేదీ లేని వంద అందమైన చిత్రాలకన్నా, తేదీ ఉన్న ఒక సామాన్యమైన చిత్రానికే అక్కడ విలువ ఎక్కువ. పెద్ద పథకాలు రూపొందించేవారికి కూడా, పూర్వం ఒక పథకం ఈ నదిలో ఎందుకు నిలిచిపోయిందో తెలియడం మేలు చేస్తుంది. విజయగాథలను అందరూ రాసిపెడతారు. విఫలమైన పనిని జాగ్రత్తగా రాసిపెట్టినవారే తరువాతివారికి నిజమైన ఉపకారం చేసినవారవుతారు.

కావున ఈ ప్లాటినం ఉత్సవ సందర్భంగా పాఠశాల యాజమాన్యానికీ, పూర్వ విద్యార్థులకూ మూడు వినతులు. మొదటిది, గ్రంథాలయంలో ఒక బీరువాను నది సంగ్రహానికి కేటాయించి, వచ్చిన ప్రతి చిత్రానికీ వరుస సంఖ్య, ఇచ్చినవారి పేరు, తేదీ రాసే ఒక రిజిస్టరు తెరవాలి. రెండవది, ఏటా వేసవి సెలవులకు ముందు పై తరగతుల విద్యార్థులలో ఆసక్తి ఉన్న కొందరిని ఒక ఉపాధ్యాయుని వెంట, తగిన అనుమతులతో, ఒడ్డు వెంట తీసుకొని వెళ్ళి, ఎంచుకొన్న అవే చోట్ల నుండి ప్రతి సంవత్సరమూ చిత్రాలు తీయించాలి. మూడవది, 2027 గోదావరి పుష్కరాలు వచ్చేలోగా ఇళ్ళలోని పాత పుష్కర చిత్రాల నకళ్ళను సేకరించడం పూర్తి చేయాలి. వీటిలో దేనికీ పెద్ద ధనం అక్కరలేదు. ఓపిక కావాలి, అంతకన్నా ముఖ్యంగా కొనసాగింపు కావాలి. పిల్లలు మారుతుంటారు, ఉపాధ్యాయులు బదిలీ అవుతుంటారు. రిజిస్టరు మాత్రం ఆగకూడదు.

రిజిస్టరులోని మొదటి పేజీని ఎవరు నింపుతారన్నది నేడే నిర్ణయించుకోవచ్చు. ఈ సభకు వచ్చిన పూర్వ విద్యార్థులలో వయసులో పెద్దవారు ఎవరో, వారు తమకు తెలిసిన ఒక రేవు పేరును, అక్కడ తాము చూసిన ఆఖరి తెప్పనో నావనో, సంవత్సరంతో సహా, తెలుగులో రాసి సంతకం చేస్తే, ఆ పుస్తకానికి అంతకన్నా మంచి ఆరంభం ఉండదు.